దుర్బిణి సారు చెప్పిన పోలిక

ఆదివారం పొద్దున ఆరు గంటలకు ఫజలుద్దీన్ మైక్రోస్కోపు చెక్కపెట్టెను రెండు పాత దిండ్ల మధ్య ఇరికించి, సైకిల్ వెనక సీటుకు కట్టుకునేవాడు. కట్టడానికి తాడు వాడేవాడు కాదు. తాడైతే పెట్టె గీసుకుపోతుందని భార్య సలీమా పాత చీర చింపి పేలికలు చేసి ఇచ్చింది. జగిత్యాలలో అతను పాఠం చెప్పే బడికి ఉన్నది ఆ ఒక్క మైక్రోస్కోపే. దాన్ని గేటు దాటించాలంటే కాగితం మీద సంతకం పెట్టాలి. 1957 మార్చి నుంచి మే దాకా ఆ కాగితం మీద పదకొండు సంతకాలు పడ్డాయి. పదకొండూ అతనివే.

పోయేది ధర్మపురి తోవలో ఎనిమిది మైళ్ల దూరంలో ఉన్న తుమ్మలగట్టుకు. ఆ ఊళ్లో అతనికి చుట్టాలు లేరు, భూమి లేదు. క్లాసులో ఆ ఊరి పిల్లలు తొమ్మిది మంది ఉంటే, ఎండలు ముదిరేసరికి నలుగురు కుంటుకుంటూ వచ్చారు. ఏమైందని అడిగితే నారి అన్నారు. కాలి మీద పొక్కు లేచి, పగిలి, అందులోంచి తెల్లటి దారంలాంటి పురుగు వెళ్లుకొస్తుంది. దాన్ని పుల్లకు చుట్టి రోజుకు రెండు వేళ్ల పొడవు లాగుతూ పోవాలి. మధ్యలో తెగితే కాలు చీము పట్టి నెల రోజులు మంచమే. నారికురుపు కొత్త రోగమేమీ కాదు. ఆ ఊళ్లో వేసవి వచ్చిందంటే అదీ వచ్చేది.

అప్పటికి ఫజలుద్దీన్‌కు ముప్పై మూడేళ్లు. తహశీల్ కచేరీలో మున్షీగా పనిచేసిన తండ్రి అతన్ని హైదరాబాద్ పంపి బీఎస్సీ చదివించాడు. అప్పట్లో ఆ చదువంతా ఉర్దూలోనే సాగేది. కప్ప గుండె ఎట్లా కొట్టుకుంటుందో, ఉప్పు నీళ్లలో ఎట్లా కరుగుతుందో అతనికి ఉర్దూలోనే తెలుసు. 1947లో సొంత ఊరి బడిలో సైన్సు టీచరుగా చేరాడు. మరుసటి ఏడు పోలీస్ యాక్షన్ జరిగింది. ఆ తర్వాత రెండు మూడేళ్లలో బడి తెలుగులోకి మారిపోయింది.

అతనికి తెలుగు రాదని కాదు. బజారులో బేరమాడే తెలుగు, పక్కింటివాళ్లతో ముచ్చట పెట్టే తెలుగు పుట్టినప్పటి నుంచీ వచ్చు. సైన్సు చెప్పే తెలుగే రాదు. కొత్త పుస్తకంలోని మొదటి పాఠం ఉన్నదున్నట్టు చదివాడు: ఉష్ణము వలన ఘనపదార్థములు వ్యాకోచము చెందును. నలభై మంది పిల్లలు ఊపిరి బిగబట్టి విన్నారు. చివరి బెంచీలోంచి ఒకడు లేచాడు.

"సారూ, వ్యాకోచమంటే ఏంది?"

"రేపు చెప్తా, కూసో" అన్నాడు ఫజలుద్దీన్. ఆ మాటకు అర్థం అతనికీ తెలియదు.

ఇంటికి వచ్చి పుస్తకం సలీమా ముందు పెట్టాడు. ఇంట్లో వాళ్లు మాట్లాడుకునేది దక్కనీలోనే. కానీ సలీమా మెట్‌పల్లిలో మగ్గాలు నేసే సాలోళ్ల వాడ మధ్య పెరిగింది. పాఠం సంగతి వచ్చినప్పుడు తెలుగులోకి దిగేది. ఆమెకు కూడా ఆ మాట తెలియదు. వాక్యం మొత్తం రెండుసార్లు చదివించుకుని, "బండి చక్రానికి ఇనుప పట్టా ఎక్కించేటప్పుడు కమ్మరాయన ఏం జేస్తడు? కాలబెడతడు. కాలితే పెద్దగైతది, చక్రం మీద పడతది. సల్లారితే బిగుసుకుంటది. గంతే గద" అంది.

మర్నాడు ఫజలుద్దీన్ క్లాసునంతా వెంటబెట్టుకుని కమ్మరి కొలిమికి పోయాడు. నలభై మందికీ పాఠం వచ్చింది. ఆ సాయంత్రం అతను ఒక కొత్త నోటుబుక్కు మొదలుపెట్టాడు. ఎడమ పక్క ఉర్దూ మాట, కుడి పక్క దానికి పోలిక. పోలికలన్నీ వంటింట్లోంచో, మగ్గం దగ్గర నుంచో, కొలిమి దగ్గర నుంచో తెచ్చినవే. ఆరేళ్లలో అవి రెండు వందలు దాటాయి. ఒక పోలిక దొరికితే పాఠం సగం చెప్పినట్టేనని తోటి టీచర్లతో అనేవాడు. పుస్తకం చేతిలో పట్టుకోకుండా చెప్పే మనిషిగా పేరొచ్చింది. జాతరలో మైక్రోస్కోపు పెట్టి ఉల్లిపొర చూపించాడు. అప్పటి నుంచి చుట్టుపక్కల ఊళ్లలో అతను దుర్బిణి సారు అయ్యాడు.

ఒక్కసారి మాత్రం దెబ్బతిన్నాడు. కడుపు పొయ్యి మీది కుండ లాంటిది, ఏది వేసినా ఉడికిస్తుంది అని ఆరో తరగతికి చెప్పాడు. ఒక పిల్లగాడు ఇంటికి పోయి దోసెడు పచ్చి బియ్యం బుక్కి రెండు రోజులు కడుపునొప్పితో మూలిగాడు. ఫజలుద్దీన్ నవ్వి ఊరుకున్నాడు. సలీమా నవ్వలేదు. "పోలిక చెప్పుడు కాదు, ఏడ ఆగుతదో గది గూడ జెప్పాలె" అంది. అతను ఆ మాట నోటుబుక్కులో రాసుకోలేదు.

మే రెండో ఆదివారం తుమ్మలగట్టులో శిస్తు వసూలు చేసే మాలీపటేల్ హనుమండ్లు ఇంటి ముందర ఊరు జమయింది. అంతకు ముందు వారాల్లో ఫజలుద్దీన్ ఇంటింటికీ తిరిగి లెక్క తీశాడు. నూట ముప్పై ఇళ్లలో పందొమ్మిది మందికి నారి బయటపడి ఉంది. ఊరందరికీ తాగునీళ్లు ఒకటే దిగుడు బావి నుంచి. ఎండాకాలంలో నీళ్లు అడుగంటితే ముప్పై మెట్లు దిగి, మోకాళ్ల లోతులో నిలబడి బిందె ముంచుకోవాలి.

నారి ఎట్లా వస్తుందని అతను అడిగాడు. వేడి చేసి వస్తుందని ఒకరన్నారు. నరం కుళ్లి దారమై వెళ్తుందని ఇంకొకరన్నారు. మగ్గం నేసే సాంబయ్య, "మా సాలోల్లకు ఒంట్ల నూలు గాక ఇంకేముంటది సారూ" అన్నాడు. అందరూ నవ్వారు.

"నారి బయటికొచ్చినోళ్లు ఎవరన్న ఒక్కరు ముందటికి రాండ్రి. కాలు జర నీళ్లల్ల పెట్టి చూపిస్త. నొప్పి కాదు" అన్నాడు ఫజలుద్దీన్.

ఎవరూ కదల్లేదు. పందొమ్మిది మందిలో పదముగ్గురు అక్కడే కూర్చుని ఉన్నారు. ఎవరెవరో అతనికి తెలుసు.

గొల్ల యాదవ్వ, ఊళ్లో అందరికంటే పెద్దది, గోడకు ఆనుకుని కూర్చుంది. "మొగోల్లకు కాల్లు సూపిచ్చుడంటే సిగ్గు. మీసాలైతే ఎన్నన్న సూపిస్తరు" అంది.

నవ్వు సద్దుమణిగేసరికి సాంబయ్య భార్య కొమురవ్వ కుంటుకుంటూ ముందుకు వచ్చింది. పాతికేళ్ల మనిషి. కిందటేడు ఆమె ఆరేళ్ల బిడ్డ దేవవ్వకు మోకాలి దగ్గర నారి తెగి, కీలు బిగుసుకుపోయింది. ఇంకో చిన్నపిల్ల చంకలో ఉంది.

"నా కాలు సూడుండ్రి సారూ. కాలే గద. దీనికన్న రాకుంట ఉంటే సాలు" అని చంకలో పిల్లను చూపించింది.

ఇత్తడి తాంబాళంలో రెండు చెంబుల నీళ్లు పోసి ఆమె పాదం అందులో పెట్టించాడు. కాసేపటికి పొక్కు దగ్గర తెల్లగా, పాలు ఒలికినట్టు ఒక పొగ లేచి నీళ్లలో పరుచుకుంది. అందులోంచి ఒక చుక్క తీసి గాజుబిళ్ల మీద వేశాడు. మైక్రోస్కోపు అద్దాన్ని ఎండకు తిప్పి, మొదట పటేల్‌ను పిలిచాడు.

"ఏం గనవడ్తలేదు సారూ" అన్నాడు హనుమండ్లు.

"ఒక కన్ను మూయాలె పటేలా."

"మూసిన."

"రెండూ మూసిండ్రు."

ఒక కన్ను తెరిచి హనుమండ్లు చూశాడు. వెనక్కి జరిగి, తువ్వాలతో ముఖం తుడుచుకుని, మళ్లీ వంగి చూశాడు. ఆ తర్వాత ఊరంతా వరస కట్టింది. సన్న సేమ్యాలకు ప్రాణం వచ్చినట్టున్నదని యాదవ్వ చెప్పింది. వరస తెమిలేదాకా రెండు గంటల పాటు కొమురవ్వ పాదం తాంబాళంలోనే ఉంది. చూసి వచ్చిన ప్రతివాళ్లూ మొదట ఆ పాదాన్ని చూశారు, ఆ తర్వాత ఆమె ముఖం చూశారు. ఫజలుద్దీన్ అప్పుడు ఆ సంగతి గమనించలేదు. తర్వాత చాలాసార్లు గుర్తు చేసుకున్నాడు.

అప్పుడు అతను చెప్పాడు. నీళ్లు తేటగా ఉన్నాయంటే అందులో ఏమీ లేదని కాదు, కంటికి కనిపించకపోయినా ఉంటుంది. నారి ఉన్న కాలు బావిలో దిగితే ఇప్పుడు చూసిన ఈ పురుగు పిల్లలు నీళ్లలోకి పోతాయి. నీళ్లలో ఉండే చిన్న పురుగు వీటిని మింగుతుంది. ఆ నీళ్లు మనం తాగితే అవి ఒంట్లో పెరిగి ఏడాదికి మన కాలులోంచి బయటికి వస్తాయి. కాబట్టి రెండు మడతల బట్టలో వడగట్టుకుని తాగాలి, నారి ఉన్నన్నాళ్లు బావిలో దిగొద్దు.

ముఖాలు చూస్తే సగమే ఎక్కినట్టుంది. ఇంత పెద్ద బావిని ఒక్క కాలు ఏం చేస్తుందని ఎవరో అడిగారు.  ఫజలుద్దీన్‌కు పోలిక దానంతటదే నోటికొచ్చింది.

"కుండెడు పాలల్ల ఎంత పెరుగు వేస్తరు తోడుకు? ఒక్క చుక్క. పొద్దటికి కుండంత పేరుకోదా? గట్లనే. బావి పాలకుండ అనుకోండ్రి. నారి ఉన్న కాలు పెరుగు చుక్క."

ఆ మాటతో గుంపు మొత్తం ఒక్కసారే తల ఊపింది. పదేళ్లుగా పాఠాలు చెబుతున్నవాడికి ఆ తల ఊపు తెలుస్తుంది. తిరుగుదారిలో ఎనిమిది మైళ్లు ఎదురుగాలి కొట్టినా అలసట తెలియలేదు. ఇంటికి రాగానే నోటుబుక్కు తీసి రాసుకున్నాడు. రెండు వందల పద్నాలుగో పోలిక.

సలీమా అంతా విని ఒకటే అడిగింది. "ఎవరి కాలు పెట్టిచ్చిండ్రు?"

"కొమురవ్వని సాలోల్ల ఆమె."

"అందరి ముందటనా?"

"అందరికి చూపియ్యకుంటే ఎట్ల?"



ఆ వారమే టీచర్ల శిక్షణ అని కరీంనగర్ రమ్మన్నారు. అతను మళ్లీ సైకిల్ ఎక్కింది జూన్ చివరి ఆదివారం. ఊరు ఇంకా మైలుందనగా వాగు ఇసుకలో చెలిమె తోడుతూ కొమురవ్వ కనిపించింది. పక్కన రెండు బిందెలున్నాయి. గట్టు మీద దేవవ్వ చెల్లెల్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"ఏం చెల్లె, ఇంత దూరం వచ్చినవ్? బావి ఎండిందా?"

"బావి మంచిగనే ఉన్నది సారూ. నన్నే రావద్దన్నరు."

"ఎవరు?"

"ఎవరని జెప్పాలె. అందరు."

కాలు చూపించమన్నాడు. నారి పూర్తిగా వెళ్లిపోయింది. పుండు మాని గోధుమరంగు మచ్చ మిగిలింది.

"మరి తక్కిన పద్దెనిమిది మంది?"

"వాళ్లకు నారి లేదట. ముల్లు గుచ్చుకున్నదట. పేలిక గట్టుకొని, పొద్దు వొడవకముందే దిగి ముంచుకపోతున్నరు. నాదొక్కదాన్దే గద అందరు సూసింది." చెలిమెలో నీళ్లు ఊరేదాకా ఆగి, చిప్పతో బిందెలో పోసింది. "తాగనీకె రెండు బిందెలు సాలు సారూ. నేసే పడుగు నూలుకు గంజి వెట్టాలంటే పది గావాలె. ఈడికెల్లి ఎన్నిమాట్ల మోస్త? పన్నెండొద్దులాయె, మగ్గం ఊకనే ఉన్నది."

ఫజలుద్దీన్ నేరుగా పటేల్ ఇంటికి పోయాడు. హనుమండ్లు మర్యాదగా మంచం వాల్చి, చల్ల తెప్పించాడు. ఊళ్లో మరో పది మంది వచ్చి కూర్చున్నారు. ఆమెకు ఇప్పుడు ఏ రోగమూ లేదని ఫజలుద్దీన్ చెప్పాడు. నారి ఒకసారి వెళ్లిపోతే ఆ కాలు మన కాళ్లలాంటిదేనన్నాడు. కొమురవ్వను పిలిపించి, అదే తాంబాళంలో కాలు పెట్టించి, చుక్క తీసి మైక్రోస్కోపు కింద పెట్టాడు.

హనుమండ్లు ఈసారి ఒక కన్నే మూశాడు. "ఏం లెవ్వు" అన్నాడు.

"లెవ్వు గద పటేలా. మరి బావికి రానియ్యుండ్రి."

"కంటికి గనవడకపోతే లేనట్టు గాదని మీరే జెప్తిరి సారూ."

ఎగతాళికి అన్న మాట కాదది. అప్పజెప్పిన పాఠం. ఫజలుద్దీన్ మొదటి నుంచి మళ్లీ చెప్పుకొచ్చాడు. గోడ దగ్గరి నుంచి యాదవ్వ నెమ్మదిగా అంది, "గదంత ఏమో గని సారూ, పేరిన పెరుగు మల్ల పాలైతదా?"

"ఆ ముచ్చట వేరే అవ్వా. అది సమజ్ గావాలని చెప్పిన."

"సమజైంది బిడ్డా. సమజైతెనే గద రావద్దన్నది."

అతను లేచి కొమురవ్వ బిందెలోంచి చెంబెడు నీళ్లు వంచుకుని అందరి ముందూ తాగాడు. హనుమండ్లు వద్దనలేదు. "మీరు తాగితే తాగుండ్రి సారూ. మీ బావి జగిత్యాలల ఉన్నది" అన్నాడు.

ఆ మధ్యాహ్నం సైకిల్ తొక్కుతూ ఫజలుద్దీన్‌కు ఒకటే దారి కనిపించింది. ఎవరూ బావిలో దిగే పనే లేకపోతే, ఎవరిని దిగనివ్వాలి, ఎవరిని దిగనివ్వకూడదు అన్న పంచాయితీయే ఉండదు. మెట్లు మూసి, చుట్టూ గట్టు కట్టి, గిలక పెట్టాలి. పైనుంచి చేదుకోవచ్చు. జూలైలో బ్లాకు ఆఫీసులో దరఖాస్తు పెట్టాడు. తుమ్మలగట్టు లాంటి ఊళ్లు జాబితాలో నలభై ఉన్నాయని గుమాస్తా చెప్పాడు. వరస వచ్చినప్పుడు వస్తుందన్నాడు.

వరసలో ముందుకు జరగాలంటే బలమైన కాగితం కావాలి. హైదరాబాద్‌లో అతనికి జంతుశాస్త్రం చెప్పిన ప్రొఫెసర్ ఇప్పుడు ఏటా డిసెంబర్‌లో ఒక శాస్త్ర సభ నడుపుతున్నారు. ఆ సభలో చదివి, వాళ్ల సంచికలో అచ్చయితే, ఆ కాగితాన్ని ఏ ఆఫీసరూ పక్కన పెట్టలేడని ఫజలుద్దీన్ అనుకున్నాడు. సభలోనూ అప్పటికి ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది. నిఘంటువు ముందు పెట్టుకుని నెలన్నర కష్టపడి తొమ్మిది పేజీలు రాశాడు. అందులో రెండు పేజీలు కొమురవ్వ గురించి. ఆమె కాలు చూపించడం, పోలిక చెప్పడం, ఊరు ఆమెను బావికి రానివ్వకపోవడం, మిగిలినవాళ్లు రోగాన్ని దాచుకోవడం, అన్నీ.

ప్రొఫెసర్ తిరుగుటపాలో కాగితాలు పంపారు. ఎర్ర సిరాతో రెండు పేజీలకు అడ్డంగా గీత ఉంది. పని బాగుంది, ఇంత లోపలి ఊళ్లో ఇంత పని ఎవరూ చేయలేదు అని మెచ్చుకున్నారు. శాస్త్ర సభలో కథలు చెప్పరని కూడా రాశారు. పేర్లు అక్కర్లేదు, నేను అనే మాట అక్కర్లేదు, ఎంతమంది రోగులు, ఏం చూపించారు, ఫలితమేమిటి, ఈ మూడూ చాలు. కింద ఆయనే ఒక వాక్యం రాసి ఇచ్చారు: ప్రదర్శన తర్వాత రోగులు బావిలో దిగడం ఆగిపోయింది.

అది నిజం కాదని ఫజలుద్దీన్‌కు తెలుసు. పూర్తిగా అబద్ధమని చూపించడానికీ లేదు. జూన్‌లో అతను పోయినప్పుడు బావిలో ఏ రోగీ కనిపించలేదు. నారి ఉందని ఒప్పుకున్నవాళ్లూ లేరు. రెండు రోజులు ఆ కాగితాన్ని బల్ల మీద ఉంచుకున్నాడు. అచ్చయితే కదా బావికి గట్టు, గట్టు వస్తే కదా కొమురవ్వకు నీళ్లు అని సర్దిచెప్పుకున్నాడు. ఆ వాక్యం ఉంచి, రెండు పేజీలు తీసేశాడు. కొమురవ్వ ఇంగ్లీషులో ఒక వయోజన స్త్రీ అయింది.

డిసెంబర్‌లో హైదరాబాద్‌లో పన్నెండు నిమిషాలు మాట్లాడాడు. ఇంట్లో సలీమాను ఎదురుగా కూర్చోబెట్టి ముప్పై సార్లు అప్పజెప్పుకున్న ఇంగ్లీషు అది. ఆమెకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా గడియారం చూస్తూ నిమిషాలు చెప్పింది. హాల్లో డెబ్భై మంది ఉన్నారు. మాట తడబడలేదు. చివర్లో ముందు వరసలోని ఒక డాక్టరు లేచి, మీ ప్రయోగం వల్ల గ్రామస్థుల నుంచి ఏమైనా ఇబ్బంది వచ్చిందా అని అడిగారు.

తీసేసిన రెండు పేజీలు కోటు జేబులోనే ఉన్నాయి. అడిగినవారు నిజంగానే తెలుసుకోవాలని అడిగారు. ఫజలుద్దీన్ ప్రొఫెసర్ వైపు చూశాడు. ఆయన చేతి గడియారం చూసుకుంటున్నారు.

"లేదు సర్" అన్నాడు ఇంగ్లీషులో.

చప్పట్లు కొట్టారు. పల్లెటూరి బడి నుంచి వచ్చిన మనిషి ఇంత శుభ్రంగా చెప్పాడని ఇద్దరు ముగ్గురు వచ్చి చేయి కలిపారు.

జనవరిలో సంచిక అచ్చయి వచ్చింది. తీసుకుని బ్లాకు ఆఫీసుకు పోయాడు, దరఖాస్తుకు జత చేయమని. ఆఫీసరు చదువుకున్న మనిషి. ఫైలు పక్కన పెట్టి నాలుగు పేజీలూ అక్కడే చదివారు. చదివి, సంచికను ఫజలుద్దీన్ వైపు తిప్పి చివరి పేరా మీద వేలు పెట్టారు.

"రోగులు బావిల దిగుడు ఆగిపోయిందని మీరే రాసిండ్రు కదా మాస్టర్ సాబ్. ఇగ మెట్లు ముయ్యనీకె సిమెంటు ఎందుకు? ఆగని ఊళ్లు ఇంకా ముప్పై తొమ్మిది ఉన్నయి నా దగ్గర."

"ఆగలేదు సాబ్."

"మరి గిదేంది?"

ఫజలుద్దీన్ చెప్పబోయాడు. నోటి మాట వినడానికి ఆఫీసరు సిద్ధంగానే ఉన్నారు. కానీ అచ్చులో ఉన్నది తప్పని, రాసినవాడే చెబుతున్నాడని ఫైలులో ఎట్లా రాసుకోవాలో ఆయనకు తోచలేదు. చివరికి తుమ్మలగట్టు పేరు జాబితాలో అడుగుకు పోయింది.

ఫిబ్రవరిలో ఒక పొద్దున సాంబయ్య బడి గేటు దగ్గరికి వచ్చాడు. భివండి పోతున్నామని, ఒకమాట చెప్పిపోదామని వచ్చానన్నాడు. బట్ట సమయానికి అందడం లేదని షావుకారు అతనికి నూలు ఇవ్వడం మానేసి నాలుగు నెలలైంది. ఫజలుద్దీన్ క్లాసు వదిలేసి బస్‌స్టాండుకు పోయాడు. రెండు మూటలు, ఒక పెట్టె. దేవవ్వ బిగుసుకుపోయిన కాలు బెంచీ మీద చాపుకుని కూర్చుంది.

"ఆడ మిషన్ మగ్గాలట సారూ. గంజి గూడ వాళ్లే వెడతరట" అన్నాడు సాంబయ్య.

"నీళ్లు?"

"నల్లా ఉన్నదట. మా బామ్మర్ది జెప్పిండు."

నిజామాబాద్ బస్సు ఇంకా రాలేదు. కొమురవ్వ చిన్నదాన్ని ఈ చంకలోంచి ఆ చంకకు మార్చుకుంది. "ఒకటడుగుత సారూ. గా అద్దంల జూపిచ్చింది నిజమేనా?"

"నిజమే చెల్లె."

"నా కాలుకెల్లి పోయినయే గద గవి?"

"నీ కాలుకెల్లే."

"మరి ఉన్నదున్నట్టు జెప్తే అయిపోవు గద. నడుమ పెరుగెందుకు దెచ్చిండ్రు?"

ఆమె గొంతులో కోపం లేదు. తెలుసుకుందామనే అడిగింది. చెబితే అర్థం కావాలని తెచ్చానని అతను అనాలనుకున్నాడు. ఆ మాట యాదవ్వతో ఒకసారి అన్నదే. బస్సు వచ్చింది. మూటలు పైకి అందించాడు.

ఆ ఎండాకాలం అతను మైక్రోస్కోపు తీసుకోకుండా తుమ్మలగట్టుకు పోయాడు. మళ్లీ ఇంటింటికీ తిరిగాడు. ఈసారి కట్లు విప్పి చూపించమని ఒక్కొక్కరినీ విడిగా, గుమ్మం లోపలే కూర్చుని అడిగాడు. లెక్క ఇరవై ఆరుకు వచ్చింది. సాంబయ్య ఇల్లు తాళం వేసి ఉంది.

జూన్‌లో శాస్త్ర సభ కార్యదర్శికి ఉత్తరం రాశాడు. ఒక పేజీ ఉత్తరానికి నాలుగు రోజులు పట్టింది. తన వ్యాసంలోని ఫలానా వాక్యం సరికాదని, రోగులు బావిలో దిగడం ఆగలేదని, దాచుకుని దిగారని, ప్రదర్శనకు సహకరించిన స్త్రీని మాత్రమే ఊరు బావికి దూరం పెట్టిందని, ఆ కుటుంబం ఊరు విడిచిపోయిందని రాశాడు. ఆమె పేరు కూడా రాశాడు. తర్వాతి సంచికలో సవరణ వేయమని కోరాడు.

సెప్టెంబర్‌లో జవాబు వచ్చింది. అంకెల్లో తప్పులుంటేనే సవరణ వేయడం తమ పద్ధతి అని, వ్యాసంలోని అంకెలను మళ్లీ సరిచూశామని, వాటిలో తప్పేమీ లేదని అందులో ఉంది. తదుపరి పరిశోధన ఏదైనా ఉంటే పంపమని కూడా రాశారు.

తుమ్మలగట్టు బావి మెట్లు మూసి గట్టు కట్టింది 1963 మే నెలలో. మరుసటి ఏడు ఆ ఊళ్లో తొమ్మిది మందికి నారికురుపు వచ్చింది. ఆ పై ఏడు ఎవరికీ రాలేదు.